జనవరి ఒకటిన కోడి సూపు

నాకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు. ఈ మాట మా బెరెక్ ఊళ్లో పైకి అంటే జుట్టు దువ్వించుకోవడానికి ఒక్క ఆడది కూడా నా గడప తొక్కదు కనుక ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. నా సెలూన్ సరిగ్గా స్టేడియం గేటుకు ఎదురుగా ఉంటుంది. మ్యాచ్ ఉన్న సాయంత్రం పొద్దుతిరుగుడు గింజల పొట్టు నా గుమ్మం ముందు కుప్పపడుతుంది. మా మగవాళ్లు గెలిచినా నా గుమ్మం ముందే ఉమ్ముతారు, ఓడినా అక్కడే ఉమ్ముతారు, ఊడ్చుకునేది నేను. అలాంటిది, గిజెల్లా అక్క గురించి చెప్పాలంటే నేను ఫుట్‌బాల్ గురించి చెప్పక తప్పడం లేదు.

గిజెల్లా అక్క మా పక్కింటావిడ. ఊరంతా గిజీ అంటారు. పొలాల మధ్య ఒంటరి ఇంట్లో పుట్టింది. పెళ్లి కాకముందే మా ఊరి డబ్బా ఫ్యాక్టరీకి టమాటాలు ఒలిచే పనికి వచ్చింది. కూరగాయలూ పండ్లూ డబ్బాల్లో పెట్టి దేశమంతా పంపే ఫ్యాక్టరీ అది. ఒలిచే చోటు నుంచి క్యాంటీన్ వంటకు మారింది, అక్కడే స్థిరపడింది. పొట్టి మనిషి, బొద్దు మనిషి, నడిస్తే మాత్రం ఆవిడ వెనక కుక్కపిల్ల కూడా పరుగెత్తాలి. మాట తక్కువ. ఎదుటివాడి కంచం ఖాళీగా ఉంటే చూస్తూ ఉండలేదు. పిల్లలు కలగలేదు, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు, ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు మాత్రం ఒక గరిటె ఎక్కువ పడుతుంది.

ఆవిడ మొగుడు అంబ్రూష్‌ది అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. నాకు వరసకు బావ, అంటే నేనే కలుపుకున్న వరస. మంచివాడే కానీ కోపం ముక్కు మీద, ఫుట్‌బాల్ తల మీద. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే, ఒక్క విషయం మాత్రం ఆ నోట్లో ఐదు నెలలు నానింది. అది చెప్పడానికే ఇదంతా.

ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఎనభైల్లో ఒక ఏడాది, ఎవరి పుణ్యమో గానీ, ఆ జట్టు దేశంలోని మొదటి డివిజన్‌కు ఎక్కింది. మా ఊరి చరిత్రలో అదే మొదటిసారి. పేపర్లో లీగ్ పట్టికలో బుడాపెస్ట్ జట్ల కింద బెరెక్ అని అచ్చులో చూసి పెద్ద మగవాళ్లు ఏడ్చారు. కొత్తగా వచ్చిన ఆటగాళ్లకు ఇళ్లు చాలక, గోల్‌కీపర్ బర్నబాష్‌ను గిజీ అక్క ఇంట్లో పెరటి వైపు గదిలో పెట్టారు. పొడుగ్గా, పారల్లాంటి చేతులతో ఉండేవాడు. గిజీ అక్కను పిన్నీ అనేవాడు. ఆ చేతులకు సరిపడా తిండి పెట్టడం ఆవిడకు పండగైంది.

శరదృతువు అంతా బాగానే ఆడారు. బుడాపెస్ట్ నుంచి పెద్ద జట్టు ఒకటి వచ్చి మా దగ్గర ఓడిపోయి వెళ్లింది. ఆ రాత్రి అంబ్రూష్ బావ నా సెలూన్ అద్దం మీద ముద్దు పెట్టాడు. డిసెంబర్‌లో మంచు పడ్డాక ఆటలు ఆగాయి. ఆపితే మళ్లీ మంచు కరిగే దాకా ఉండవు. ఊరు పందులు కోసుకుని, సాసేజులు పొగకు వేలాడదీసుకుని హాయిగా కూర్చుంది.

ఇక జనవరి ఒకటి. మా వాళ్లలో ఆ రోజు కోడి మాంసం ముట్టుకోరు. కోడి కాళ్లతో వెనక్కి గీరుతుంది, ఇంట్లోని అదృష్టాన్నంతా అలాగే వెనక్కి గీరి పారేస్తుందని. పంది అయితే ముట్టెతో ముందుకు తవ్వుతుంది కనుక పంది మాంసం తింటాం, ఏడాదంతా చేతినిండా డబ్బు ఉండాలని పప్పు తింటాం. నమ్మకం ఉన్నవాళ్లు నమ్మి తింటారు, లేనివాళ్లు ఎందుకొచ్చిన గొడవ అని తింటారు. కోడిని మాత్రం ఎవరూ తినరు.

ఆ తెల్లవారి బర్నబాష్‌కు ఒళ్లు కాలిపోతోంది. పండక్కి వాళ్లూరు వెళ్లాల్సినవాడు లేవలేక మంచం మీదే పడి ఉన్నాడు. ముందు రాత్రి ప్లమ్ సారా పట్టించిన అంబ్రూష్ బావ పక్క గదిలో గురక పెడుతున్నాడు. గిజీ అక్క పంది మాంసం తెచ్చి పెడితే కుర్రాడు వాసనకే మొహం తిప్పేసుకున్నాడు. పప్పు రెండు చెంచాలు తిని కక్కేశాడు. తర్వాత కళ్లు మూసుకుని, "అమ్మా, సూపు" అన్నాడు.

మా దగ్గర జ్వరానికి సూపు అంటే ఒకటే సూపు. కోడి, క్యారెట్టు, దారాల్లా సన్నగా చేత్తో చుట్టిన సేమియా, పైన బంగారు రంగులో తేలే నూనె చుక్కలు. రెండో తారీకుకని శుభ్రం చేసి పెట్టుకున్న కోడి చల్లటి గదిలో వేలాడుతూనే ఉంది. గిజీ అక్క ఆ గదికి వెళ్లింది, ఉత్త చేతులతో వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి కోడిని పెరట్లో ఉన్న వేసవి వంటింట్లోకి పట్టుకెళ్లింది. ఆ వంటింట్లో చలికాలంలో ఎవరూ వండరు. అక్కడైతే వాసన ఇంట్లోకి రాదని ఆవిడ ఉపాయం. కుర్రాడికి రెండు గిన్నెలు తాగించింది. జ్వరం దిగింది.

జ్వరంతో పాటే జట్టు అదృష్టమూ దిగిందని ఆవిడ నమ్మకం. నమ్మకపోవడానికి ఆ వసంతం ఆవిడకు ఏ అవకాశమూ ఇవ్వలేదు. మంచు కరిగినా ఇంకా గడ్డకట్టే ఉన్న మైదానం మీద మొదటి మ్యాచ్‌లోనే, చంటిపిల్లవాడు కూడా పట్టుకోగల బంతి బర్నబాష్ పారల మధ్య నుంచి జారి గోల్లోకి వెళ్లింది. తర్వాతి మ్యాచ్‌లో మా వాడే మా గోల్లోకి కొట్టాడు. ఆ తర్వాత పెనాల్టీ వస్తే స్తంభానికి కొట్టారు. గెలుపు మాట మరిచిపోయాం. శరదృతువులో మధ్యలో ఉన్న జట్టు పట్టికలో మెట్టు మెట్టుగా దిగి, కింది డివిజన్‌కు పడిపోయే గీత దగ్గరికి వచ్చి కూర్చుంది.

అంబ్రూష్ బావ దోషిని వెతకడం మొదలుపెట్టాడు. మొదట కొత్త జెర్సీల రంగు అన్నాడు. తర్వాత డైరెక్టరుగారి ఆకుపచ్చ టోపీ అన్నాడు. ఒక రోజు సారా కొట్టులో గ్లాసు బల్ల మీద కొట్టి, అందరూ వినేలా ప్రకటించాడు.

"ఈ ఊళ్లో ఎవడో కొత్త సంవత్సరం నాడు కోడి తిన్నాడు. నేను చెబుతున్నా వినండి. వాడెవడో తేలిన రోజు వాడి మొహం చూడను. నా ఇంట్లోవాళ్లయినా సరే."

ఈ మాట గంటలో వీధంతా తిరిగి గిజీ అక్క చెవిన పడింది. తేలు కుట్టిన దొంగలా అయిపోయింది ఆవిడ. అప్పటిదాకా బర్నబాష్ కోసం ప్రతి మ్యాచ్‌కూ వెళ్లే మనిషి స్టేడియం గేటు వైపు చూడటం మానేసింది. విచిత్రం ఏమిటంటే, బావ కూడా లోపలికి వెళ్లడం మానేశాడు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నా సెలూన్ గోడకు ఆనుకుని నిలబడి, లోపలి అరుపులు విని లెక్క కట్టేవాడు. ఏం బావా, టికెట్టు దొరకలేదా అంటే, ఆ రిఫరీల మొహాలు చూస్తే నాకు బీపీ పెరుగుతుంది అనేవాడు. గడ్డం మీద ఎప్పుడు చూసినా కోసుకున్న గాట్లు, వాటి మీద కాగితం ముక్కలు. చేతులు వణికే వయసు కాదే అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

ఈస్టర్‌కు ముందు శనివారం నా సెలూన్‌లో కాలు పెట్టే సందు ఉండదు. సోమవారం పండగ ఆచారమని మగవాళ్లు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల తల మీద సెంటు పోస్తారని తెలిసీ, శనివారం జుట్టు సెట్ చేయించుకుంటారు మా ఆడవాళ్లు. నా చేతి పని అంతా రెండు రోజుల్లో మల్లెపూల కంపు. దాని గురించి మాట్లాడితే నాకు తెల్లారుతుంది. ఆ రోజు అందరూ వెళ్లాక ఆఖరున వచ్చింది గిజీ అక్క. తల మీద నీళ్లు పోస్తుంటే కళ్లలోంచి కూడా కారుతున్నాయి.

"నీళ్లు వేడిగా ఉన్నాయా అక్కా?"

"లేదే మంత్సీ. నేనే ముంచేశాను."

"దేన్ని?"

"జట్టుని."

అంతా చెప్పింది. కోడి, వేసవి వంటిల్లు, రెండు గిన్నెల సూపు. నేను నవ్వాపుకోలేకపోయాను.

"అక్కా, ఆ కోడికి లీగ్ పట్టిక చదవడం వచ్చా ఏమిటి?"

"నువ్వు నవ్వుతావు. తినిపించింది ఎవరికి? గోల్‌కీపర్‌కి. ఊరికే గాలికి పోయేవాడికి కాదు."

"జ్వరంలో ఉన్నవాడికి ఇంకేం పెడతావు? గడ్డి పెడతావా?"

"అందుకేనే ఏడుపు. మళ్లీ ఆ రోజే వచ్చినా అదే సూపు పెడతాను. తప్పు చేశానని తెలుసు, ఒప్పుకోవడానికి మనసొప్పదు. ఇదేం ఖర్మ?"

"బావకు చెప్పెయ్. రెండు రోజులు అరుస్తాడు, మూడో రోజు ఆకలేస్తుంది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నురుగు నా మొహం మీద పడింది.

"అరిస్తే భయం లేదు. ముప్పై ఏళ్లుగా వింటున్నా. అరవకుండా, మొహం తిప్పేసుకుని కూర్చుంటే? మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే కదే. ఎవరితో మాట్లాడను?"

టవలు చుట్టి భుజం నొక్కాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నేను మాట నిలబెట్టుకున్నానంటే మా ఆయనే నమ్మడు.

అలా జూన్ వచ్చింది, ఆఖరి మ్యాచ్ వచ్చింది. లెక్క నాకు కూడా అర్థమయ్యేంత తేలిక. గనుల ఊరి జట్టుకూ మాకూ పాయింట్లు సమానం, గోల్స్ లెక్కలో మేం కొంచెం మెరుగు. మేం ఇక్కడ డ్రా చేసుకుని, వాళ్లు అక్కడ గెలవకపోతే మేం ఉంటాం. వాళ్లు గెలిస్తే మేం దిగిపోతాం. మ్యాచ్‌లన్నీ ఒకే గంటకు మొదలు. రేడియోవాళ్లు ఒక్కో స్టేడియం నుంచి కాసేపు వినిపిస్తూ దేశమంతా తిప్పుతారు.

ఆదివారం కనుక సెలూన్ మూసి ఉంది. గిజీ అక్క బుట్టెడు బఠాణీలు తెచ్చుకుని నా దగ్గర కూర్చుంది. ఇంట్లో ఒక్కతే ఉండలేనంది. వాసన నూనెల సీసాల మధ్య రేడియో పెట్టాను. ఇద్దరం బఠాణీలు ఒలుస్తున్నాం. సగం ఆట కాకముందే తలుపు తోసుకుని అంబ్రూష్ బావ వచ్చాడు. పెళ్లాన్ని చూసి ఆగాడు.

"నువ్విక్కడున్నావా?"

"బఠాణీలు ఒలుస్తున్నా. నువ్వేం, లోపలికి వెళ్లలేదా? ఆఖరి మ్యాచ్ కదా."

"కాళ్లు రాలేదు." కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేక, జుట్టు ఆరబెట్టే యంత్రం కింద కుర్చీలో కూర్చున్నాడు. ఆ యంత్రం టోపీ ఆయన తల మీద వేలాడుతోంది. ఇంకో రోజైతే ఆటపట్టించేదాన్ని.

ఎదురుగా స్టేడియం అరుస్తోంది, సర్దుకుంటోంది, మళ్లీ అరుస్తోంది. మాకు గోడలు, రేడియో, బఠాణీలు. మా మ్యాచ్ గోల్ లేకుండానే ముగిసింది. బర్నబాష్ ఆఖర్లో రెండు గోల్స్ ఆపాడని కామెంటేటర్ చెబితే గిజీ అక్క కళ్లు తుడుచుకుంది. జనం ఒక్కరూ బయటికి రాలేదు. లోపలే జేబు రేడియోలు చెవికి ఆనించుకుని నిలబడ్డారట. వీధి అంతా నిశ్శబ్దం. గనుల ఊళ్లో ఇంకా ఆట అవుతోంది, చెరో గోల్ మీద ఉన్నారు.

రేడియోలో గొంతు మారింది. "గనుల ఊళ్లో పెనాల్టీ. ఆతిథ్య జట్టుకు పెనాల్టీ."

అంబ్రూష్ బావ లేచాడు, టోపీకి తల కొట్టుకున్నాడు, రెండంగల్లో వచ్చి రేడియో ప్లగ్గు పీకేశాడు.

"వినలేను," అన్నాడు. "అయిపోయింది. వినను."

గిజీ అక్క ఒళ్లోంచి బుట్ట కింద పెట్టింది. ఆవిడ మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. వద్దని సైగ చేశాను. నా వైపు చూడనే లేదు.

"అంబ్రూష్, అది నా వల్ల," అంది. "కొత్త సంవత్సరం నాడు నేను కోడి వండాను. అబ్బాయికి పెట్టాను. ఒళ్లు కాలిపోతోంది, ఇంకేం పెట్టినా నిలవట్లేదు. వేసవి వంటింట్లో వండి దాచాను. జట్టు పోయింది నా వల్లే. మొహం చూడనన్నావుగా. చూడకు. కానీ అబద్ధంతో ఇంకో పూట నీకు వడ్డించలేను."

బావ కదల్లేదు. ఆయన చేతిలో ప్లగ్గు అలాగే ఉంది. అరుస్తాడని చూశాను. ఇంకో క్షణం గడిచి అరవకపోయేసరికి నాకే భయం వేసింది.

"తొడ," అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"ఆ గిన్నెలో తొడ ముక్క ఉండాలిగా. దాన్ని ఎవరు తిన్నారు?"

"అబ్బాయి తిన్నాడనుకున్నా. నేను లేనప్పుడు లేచి తిన్నాడేమో అని."

"నేను తిన్నా."

బావ కుర్చీలో కూలబడ్డాడు.

"మధ్యాహ్నం లేచేసరికి తల పగిలిపోతోంది. మత్తు దిగడానికి పులియబెట్టిన క్యాబేజీ నీళ్ల కోసం వేసవి వంటింట్లోకి వెళ్లా. మూత తీస్తే ఇంత తొడ. రెండో తారీకుకి ముందే చేసి పెట్టావనుకున్నా. వండితే తప్పేముంది, తింటేనే కదా. నిలబడే తినేశా గిజీ. ఎముక చీకుతుంటే చర్చి గంట మోగింది. అప్పుడు గుర్తొచ్చింది ఏ రోజో."

"ఎముక ఏం చేశావు?"

"పెరట్లో మంచులో పాతేశా."

"మరి సారా కొట్టులో ఆ కేకలేమిటి? ఊరంతటికీ చాటింపు వేశావుగా."

"అందరికంటే ముందు నేనే అరిస్తే నన్నెవరూ అడగరని."

నేను ఆగలేకపోయాను. "గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నావన్న మాట బావా."

"నవ్వు మంత్సీ, నవ్వు. నా ఇంట్లోవాళ్లయినా అన్నానా లేదా? నా ఇంట్లో నేనూ ఉన్నాగా. మొహం చూడనన్నాను, చూడలేదు. ఆ రోజు నుంచి అద్దం లేకుండా గడ్డం గీసుకుంటున్నా. లోపలికి వెళ్తే ఇంకేం చుట్టుకుంటుందోనని గేటు దాటలేదు." గడ్డం మీది గాట్లు తడుముకున్నాడు. "బర్నబాష్ చేతుల్లోంచి బంతి జారిన ప్రతిసారీ ఆ తొడే గుర్తొచ్చేది. నీకు తెలిస్తే ఏమంటావో అని చచ్చిపోయాను గిజీ. నువ్వు పొయ్యి దగ్గరే నిలబడి తింటున్నావు, నాతో కూర్చోవట్లేదు. తెలిసిపోయింది, అసహ్యించుకుంటోంది అనుకున్నా."

గిజీ అక్క ఆయన్ని చూస్తూ ఉంది. గాట్లు పడ్డ ఆ గడ్డాన్ని, కాగితం ముక్కల్ని. ముందు పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నవ్వింది. ఐదు నెలల నుంచి లోపల బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు, పొట్ట పట్టుకుని, బఠాణీలు దొర్లిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది. బావ కాసేపు బిత్తరపోయి చూసి, ఆయనా మొదలుపెట్టాడు.

"తిలాపాపం తలా పిడికెడు," అన్నాను నేను. నా మాట ఎవరూ వినలేదు.

అప్పుడు స్టేడియం అరిచింది. అద్దాలు గలగలలాడాయి. మా ఊళ్లో అలాంటి అరుపు నేను ముందెప్పుడూ వినలేదు. అది ఏడుపో సంబరమో మొదటి క్షణం నాకు అర్థం కాలేదు. బావ లేస్తాడని చూశాను. ముప్పై ఏళ్లుగా ఆ అరుపు కోసమే బతికిన మనిషి. లేవలేదు. చివరికి నేనే లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాల్సి వచ్చింది, ఫుట్‌బాల్ అంటే గిట్టని నేను. గేటులోంచి జనం పొంగి వస్తున్నారు. ఎవరో నన్ను కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి చెప్పారు. పెనాల్టీని ఆకాశానికి కొట్టాడట గనుల ఊరివాడు. మేం ఉన్నాం.

లోపలికి వచ్చి చెప్పాను. "బయటికి కొట్టాడట. మనం ఉంటున్నాం."

"అలాగా," అన్నాడు అంబ్రూష్ బావ. "మంచిది."

గిజీ అక్క ఆయన పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక చేతిలో తడి గుడ్డ పట్టుకుని, ఆయన గడ్డం మీది కాగితం ముక్కల్ని ఒక్కొక్కటే తడిపి తీస్తోంది. ఆయన కళ్లు మూసుకుని చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి ఉంచాడు. బయట డప్పులు మొదలయ్యాయి. ఎవరో బర్నబాష్ పేరు అరుస్తున్నారు.

"మంత్సీ," అంది గిజీ అక్క తల తిప్పకుండానే. "ఆ తలుపు వెయ్యవే. మేం ఇంకాసేపు కూర్చుంటాం."

నేను బయటికి వచ్చి తలుపు వేశాను.